ఏరు దాటే ముందు అడిగిన మాట

ఆ రోజు సరుగుడుదిబ్బ ఇంట్లో ఉన్నవాళ్ళం: నానమ్మ వీరరాఘవమ్మ, నాన్న, అమ్మ, బాబాయి క్రాంతి కుమార్, అక్క ఇందుజ, నేను. పిన్ని పుట్టింటికి వెళ్ళింది. బావగారు కంపెనీ ట్రైనింగ్ మీద పుణేలో ఉన్నారు. వీళ్ళు కాక ఇంకొకరు కూడా ఉన్నారని అక్కకీ నాకూ మాత్రమే తెలుసు. అక్కకి మూడో నెల.

సరుగుడుదిబ్బ అంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఇసక మేట వేసి ఏర్పడిన చిన్న లంక. ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం. మా కొల్లేటి నీళ్ళు ఉప్పుటేట్లో పడి అక్కడిదాకా వెళ్ళి సముద్రంలో కలుస్తాయి. మా తాతయ్య బతికున్న రోజుల్లో అక్కడ సరుగుడు తోట కొని, మధ్యలో రెండు గదుల పెంకుటిల్లు కట్టించారు. ఏటా మే నెలలో ఊళ్ళో చేపల చెరువుల పట్టుబడి అయిపోయాక అందరం అక్కడికి వెళ్ళి రెండు మూడు రోజులు ఉండి వస్తాం. నాకు సముద్రం అంటే అక్కే. చిన్నప్పుడు నన్ను వీపున ఎక్కించుకుని అలల్లోకి నడిచేది. పెద్ద అల వచ్చే ముందు, "ఇప్పుడు కళ్ళు మూసుకో" అనేది. నేను మూసుకునేదాన్ని. అల మా మీదుగా వెళ్ళిపోయాక తెరిస్తే అక్క జడ నా నోట్లో ఉండేది, ఉప్పగా.

అక్కకి పెళ్ళయి నాలుగేళ్ళు. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచి, పోయింది. మొదటిసారి నెల తప్పిన వారానికే తాడేపల్లిగూడెంలో అత్తగారి వీధి మొత్తానికి తెలిసిపోయింది. మా ఊళ్ళో నానమ్మ బూరెలు పంచింది. తర్వాత ఆ బూరెలు తిన్నవాళ్ళే బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. ఏం ఎత్తావమ్మా, బొప్పాయి ఏమైనా తిన్నావా, బండి మీద తిరిగావా అని అడిగారు. అక్క గోడ వైపు తిరిగి పడుకుని అన్నిటికీ "ఊఁ" అంది. రెండోసారి కూడా అలాగే జరిగింది. అందుకని ఈసారి ఎవరికీ చెప్పదలుచుకోలేదు. బావగారికి కూడా చెప్పలేదు. ఆయన వాళ్ళమ్మగారి దగ్గర ఏదీ దాచలేరు. కడుపు కనిపించే రోజు వచ్చినప్పుడు వాళ్ళే చూస్తారులే అంది.

నాకెందుకు చెప్పిందంటే నేను మాట్లాడను కాబట్టి. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు టీచరుగారి దాకా వెళ్ళేది కాదు, పక్కన కూర్చున్న పిల్ల నా బదులు పలికేది. ఏప్రిల్‌లో వట్లూరులో నాకు ఇంటర్ కాలేజీ చూసి వస్తామని ఇంట్లో చెప్పి, అక్క నన్ను వెంటబెట్టుకుని ఏలూరులో ఒక లేడీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. అన్నీ బాగానే ఉన్నాయి అన్నారావిడ. బరువులు ఎత్తొద్దు, గెంతొద్దు అన్నారు. లేచి వస్తుంటే మళ్ళీ పిలిచి, "ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే దానికి వెళ్ళిపోవాలమ్మా. ముందు రెండు పోయాయి కదా" అన్నారు. ఆ మాట అక్కతో అంటున్నా నా వైపు చూసి అన్నట్టే నాకు అనిపించింది. ఆ రోజు నుంచి అక్క బాత్‌రూమ్‌లోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ నేను ఆమె మొహమే చూస్తున్నాను.

దిబ్బకి రానంటే ఎందుకు రావని అడుగుతారు. అందుకని వచ్చింది.

ఏరు దాటే ముందు నానమ్మ రేవులో చేసే పని ఒకటి ఉంది. పసుపు, కుంకుమ, అరటిపళ్ళు నీళ్ళలో వదిలి, ఆడవాళ్ళందరి చేతుల్లో కాస్త కాస్త పసుపు పెట్టి అడుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఏరు దాటకూడదని ఆవిడ పట్టింపు.

"మీలో వట్టి మనుషులు కానివాళ్ళు ఎవరూ లేరు కదా? గంగమ్మ ముందు చెప్పండి."

"నన్ను కూడా అడుగుతారేంటండి అత్తయ్యా, ఈ వయసులో" అని అమ్మ నవ్వింది. నానమ్మ నవ్వలేదు. అక్క వైపు చూసింది.

"నాకేం లేదు నానమ్మా" అంది అక్క. అని చేతిలో పసుపు నీళ్ళలో వదిలేసింది.

ఏటా మమ్మల్ని దాటించేది రేవు పక్కనే ఇల్లున్న వరదానం. ఈసారి బాబాయి అతని పడవ మాత్రం తీసుకుని అతన్ని వద్దన్నాడు. కొల్లేట్లో పుట్టినవాణ్ణి ఇంకొకడు పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడని ఊళ్ళో తెలిస్తే తన పరువేం కావాలన్నాడు. తనే గెడ వేసుకుంటూ మమ్మల్ని దాటించాడు. దిబ్బ ఒడ్డున పడవ ముక్కు బురద మీదికి కొంచెం లాగి, పక్కన గెడ గుచ్చి, దానికి తాడు ఒక చుట్టు చుట్టి వదిలేశాడు. మా ఊళ్ళో పడవలన్నీ అలాగే కడతారు. కొల్లేట్లో నీళ్ళు పొద్దున ఎక్కడుంటే సాయంత్రం అక్కడే ఉంటాయి.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణం అనుకున్నాం. ఇదంతా జరిగింది ఆ మర్నాడే.

పొద్దున్నే అందరం సముద్రం వైపు వెళ్ళాం. ఎండ ఎక్కక ముందు ఇసక చల్లగా ఉంటుంది. ఎర్ర పీతలు గుంపులుగా పరిగెత్తి కన్నాల్లో దూరతాయి. నాన్న ఎప్పటిలాగే చెలమ తవ్వారు. సముద్రానికి అంత దగ్గర్లో మోకాలి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని గవ్వలు ఏరింది. నానమ్మ సరుగుడు చెట్లకి కట్టిన ఉయ్యాల్లో కూర్చుని, తాతయ్య ఒకసారి ఇదే ఉయ్యాల్లోంచి ఎలా పడ్డారో చెప్పింది. ఏటా చెబుతుంది. ఏటా నవ్వుతాం.

తర్వాత మా ఇంటి ఆట మొదలైంది. అందరం చేతులు పట్టుకుని నడుం లోతు నీళ్ళలో వరసగా నిలబడి అల వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా గెంతాలి. చెయ్యి వదిలినవాళ్ళు ఆ పూట చేపలు శుభ్రం చెయ్యాలి. అక్క ఎప్పుడూ చెయ్యి వదల్లేదు. మా తాతయ్య ఆమెని పడవకి మేకులాంటిది అనేవారట.

"రావే ఇందూ, ఈసారి నిన్ను ఓడించకపోతే నా పేరు మార్చుకుంటా" అని బాబాయి అక్క మణికట్టు పట్టుకున్నాడు.

అక్క నవ్వుతూనే ఉంది, కానీ కాళ్ళు ఇసకలో గట్టిగా పెట్టింది. ఇంకో నాలుగడుగులు లాగితే నీళ్ళు. నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. అమ్మా అని కూలబడి పాదం పట్టుకున్నాను. గవ్వ గుచ్చుకుందన్నాను. అక్క వెంటనే చెయ్యి విడిపించుకుని నా పక్కన కూర్చుంది. నా పాదం ఒళ్ళో పెట్టుకుని లేని గాయం మీద ఇసక దులుపుతూ, "నేను దీన్ని చూస్తాను, మీరు ఆడండి" అంది. బాబాయి నన్ను చూసి, పదో తరగతి పాసయినా కాలు చూసుకుని నడవడం రాలేదన్నాడు. మేమిద్దరం ఒడ్డున కూర్చుని వాళ్ళు గెంతుతుంటే చూశాం. అమ్మ చెయ్యి వదిలేసింది. అక్క చప్పట్లు కొట్టింది. నా పాదం ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది. ఆ కాసేపూ నాకు భయం లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ తోటలో చాపలు వేసుకుని నడుం వాల్చారు. అక్క ఇంటి వెనక్కి వెళ్ళింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు నేను ఆమె మొహం చూశాను. అడగక్కర్లేకపోయింది.

గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకుంది. నేను పక్కన నిలబడ్డాను.

"కొంచెమే. ఆగిపోతుంది."

"డాక్టరుగారు..."

"సాయంత్రం ఎలాగూ వెళ్ళిపోతున్నాం కదా. ఊరెళ్ళాక ఏదో ఒకటి చెప్పి ఏలూరు వెళ్దాం." నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నువ్వు ఎవరికీ చెప్పకు. గంగమ్మ ముందు అబద్ధం చెప్పి ఏరు దాటానని తెలిస్తే, ఇది పోయినా నా వల్లే అంటారు, ముందు రెండూ పోయిందీ నా వల్లే అంటారు. జన్మంతా అంటారు. తెలుసా?"

తెలుసన్నాను. తలుపు దగ్గరగా వేసి బయట గడప మీద కూర్చున్నాను. ఎండ ఎప్పుడు తగ్గుతుందా అని చెట్ల నీడలు చూస్తూ ఉన్నాను. తోటలోంచి నాన్న గురక వినిపిస్తోంది. అంత మామూలుగా ఎలా నిద్రపోగలుగుతున్నారా అనిపించింది.

ఎండ వాలాక బాబాయి పడవ చూసి వస్తానని రేవుకి వెళ్ళాడు. నేను సంచులు సర్దేశాను. అక్క సంచి కూడా నేనే భుజానికి తగిలించుకున్నాను. బాబాయి వెళ్ళినవాడు వెళ్ళినట్టే నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

పడవ లేదు. మేం పడుకున్నప్పుడు పెద్ద పోటు వచ్చి నీళ్ళు పెరిగాయి. బురద మీద ఉన్న పడవని లేపేశాయి. ఒక్క చుట్టు తాడు జారిపోయింది. గెడ మాత్రం నీళ్ళలో ఒంటరిగా నిలబడి ఉందట. పడవ ఏటికి ఎగువకి కొట్టుకుపోయి అవతలి ఒడ్డు మడ చెట్లలో చిక్కుకుని ఉందని బాబాయి చెయ్యి చాపి చూపించాడు.

"ఏరా, కొల్లేట్లో పుట్టినోడా" అన్నారు నాన్న. అంతే, అందరూ నవ్వడం మొదలుపెట్టారు. బాబాయి కూడా నవ్వాడు. అమ్మకి నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

నాన్న వరదానానికి ఫోన్ చేశారు. అతను నరసాపురంలో చుట్టాలింట్లో ఉన్నానని, పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానని చెప్పాడు. సరే అన్నారు నాన్న. నానమ్మకి ఇంకా సంతోషం. దిబ్బ మీద ఇంకో రోజు ఉండమని మీ తాతయ్యే పడవ విప్పేశారంది. చేపలు ఇంకా ఉన్నాయి, బొగ్గుల మీద కాల్చుకుందామంది. బాబాయి అప్పుడే పొయ్యికి ఇటుకలు తెస్తున్నాడు.

నేను సంచి భుజాన వేసుకునే నిలబడి ఉన్నాను.

"నాన్నా, ఇంటికి వెళ్ళిపోదాం" అన్నాను.

"ఎలా వెళ్తామే, ఈదుకుంటూనా?"

"నా కాలు నొప్పిగా ఉంది."

నానమ్మ నన్ను దగ్గరికి పిలిచి కాలు చూసింది. అరికాలు తడిమింది, వేళ్ళ మధ్య చూసింది. ఏమీ లేదు. "ఇదేంటే, గీత కూడా పడలేదు" అంది. బాబాయి ఇటుకలు కింద పెట్టి, పొద్దున చేపలు తోమకుండా తప్పించుకోవడానికి వేసిన నాటకమన్నమాట అన్నాడు. మళ్ళీ నవ్వారు.

నేను గదిలోకి వెళ్ళాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పడవ సంగతి వినే ఉంటుంది. మోకాళ్ళు పైకి ముడుచుకుంది. కింద పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. ఇంకా వస్తోందా అని అడిగాను. తల ఊపింది. అది అవునో కాదో నాకు తెలియలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చాను. పొయ్యి రాజుకుంటోంది. పొగ చుట్టూ అందరూ కూర్చున్నారు. అమ్మనొక్కదాన్నే పక్కకి పిలుద్దామనుకున్నాను కానీ అమ్మ నానమ్మ పక్కనే కూర్చుని చేపలకి కారం పట్టిస్తోంది. ఎదురుగా నిలబడి చెప్పాను. అలల హోరులో నా మాట నాకే వినపడలేదు.

"ఏంటే?" అన్నారు నాన్న.

మళ్ళీ చెప్పాను.

"నోట్లో నోట్లో కాదమ్మా, గట్టిగా చెప్పు" అన్నాడు బాబాయి. "చెవుడొచ్చినోళ్ళమనుకో మేము."

అప్పుడు గట్టిగా చెప్పాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అక్కకి మూడో నెల. మధ్యాహ్నం నుంచి రక్తం కనిపిస్తోంది. పొద్దున దాకా ఆగకూడదు."

అమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఇంట్లో మంచం కిర్రుమంది. అంతా అక్కకి వినపడిందని నాకు అర్థమైంది.

తర్వాత అంతా ఒకేసారి జరిగింది. అమ్మ కారం చేతులతోనే లోపలికి పరిగెత్తింది. నాన్న మళ్ళీ వరదానానికి ఫోన్ చేసి, ఈసారి విషయం చెప్పారు. అతను మా దానమ్మని పంపిస్తానండి అన్నాడు. అతని భార్య దానమ్మ పొరుగింటివాళ్ళ ఇంజన్ పడవ తీసుకుని చీకటి పడక ముందే వచ్చేసింది. నాన్న, బాబాయి కలిసి అక్కని నులకమంచంతో సహా మోసుకెళ్ళి పడవలో పెట్టారు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోబోతే చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

నానమ్మ పడవ చివర్న కూర్చుంది. ఇప్పుడు తిడుతుందేమో, గంగమ్మ ముందు ఆడిన అబద్ధం ఎత్తుతుందేమో అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి, ఇంజన్ చప్పుడులో తనలో తను అనుకున్నట్టు, "అడిగిందాన్ని నేనే తల్లీ. అడక్కపోతే అది అబద్ధం చెప్పేదా" అంది. నాకు వినిపించింది. అక్కకి వినిపించి ఉండదు.

నరసాపురంలో ఆస్పత్రిలో స్కానింగ్ చేశారు. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. అమ్మ ఏడ్చేసింది. అయితే ఇప్పుడే ఏమీ చెప్పలేమని, రక్తం ఆగే దాకా మంచం దిగకూడదని, బాత్‌రూమ్‌కి కూడా లేవకూడదని డాక్టరుగారు చెప్పారు. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఏమయ్యేదని నాన్న అడిగారు. ఆవిడ సెలైన్ పెట్టమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయారు.

నాన్న బావగారికి ఫోన్ చేశారు. చెప్పక తప్పదు కదా. పొద్దున కాఫీల వేళకి తాడేపల్లిగూడెం నుంచి అక్క అత్తగారు కారులో వచ్చేశారు. ఆవిడెప్పుడూ గొంతు పెంచరు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, అక్క నుదురు నిమిరి, అమ్మ వైపు తిరిగారు.

"మా ఇంట్లో చెప్పుకునే పాటి మనుషులు లేకపోయారేమోలెండి వదినగారూ. పోనీ, మీరైనా ఏరు దాటించకుండా ఉండాల్సింది."

"మాకూ తెలియదండి" అంది అమ్మ.

"తల్లికి తెలియకుండా ఎలా ఉంటుందండి" అన్నారావిడ, మెల్లగానే.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. చింతలపూడి నుంచి బావగారి పెద్దమ్మ, ఆకివీడు నుంచి మా మేనత్త, ఇంకా ఎవరెవరో. అత్తగారు ప్రతి ఫోనూ అక్క మంచం పక్కనే కూర్చుని మాట్లాడారు. సముద్రానికి తీసుకెళ్ళారటండి అని మొదలుపెట్టి మొత్తం చెప్పేవారు. తన ఆడబిడ్డలు సాయంత్రానికి పళ్ళు తీసుకుని వస్తామన్నారని మధ్యలో అక్కకి చెప్పారు. అక్క గోడ వైపు తిరిగి, "ఊఁ" అంది.

కాసేపటికి ఆవిడ డాక్టరుగారితో మాట్లాడతానని అమ్మని తీసుకుని కిందికి వెళ్ళారు. నాన్న కొబ్బరి నీళ్ళు తెచ్చి, అక్కకి ఇవ్వమని నాకిచ్చారు. నేను గ్లాసు పట్టుకుని గది దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. గడప దగ్గరే ఆగిపోయాను.

"అక్కా, కొంచెం తాగు."

నా వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నువ్వు మాట్లాడవనే కదే నిన్ను ఏలూరు తీసుకెళ్ళింది."

"డాక్టరుగారు ఆలస్యం చెయ్యొద్దన్నారు కదక్కా. పడవ లేకపోయె. నేనింకేం..."

"చెప్పాల్సిందే. నాకూ తెలుసు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో కూడా తెలుసు. కానీ నిన్ను చూస్తే ఇప్పుడు నాకు ఆ కేక వినిపిస్తోంది. అందరి ముందూ."

నేనేదో అనాలని నోరు తెరిచాను. నా గొంతు మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. గ్లాసు బల్ల మీద పెడదామని అడుగు లోపలికి వేశాను.

అక్క దుప్పటి పక్కకి తీసింది. మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చుంది. తలుపు వైపు చూస్తూ కాళ్ళు కిందికి దించింది.

"లేవకూడదక్కా. నేను వెళ్ళిపోతాను. నువ్వు లేవకు, నేనే వేస్తాను తలుపు."

ఆమె వినలేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. నేను ఆమె కాళ్ళ వైపే చూస్తున్నాను, నేల మీద ఎక్కడైనా చుక్క పడుతుందేమోనని. గడప దాకా వచ్చింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నేను వెనక్కి జరిగాను. నా మొహం చూడకుండా తలుపు వేసేసింది.